దుర్గమ్మ పలికిన వానకాలం

నా ఛాతీలో ఏడుపాయల దుర్గమ్మ కూర్చుందని మా నాయినమ్మ ఐలవ్వ కనిపెట్టింది. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డ రోజులవి. నాకు తలంటు పోయడానికి వాకిట్లో పీట వేసి, ఒంటికి నూనె రుద్దుతున్నదల్లా ఎడమ పక్క చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఆ నూనె చేత్తోనే చెంపలు వేసుకుంది.

“ఓ శివమ్మా, జర ఇటు రా! చెయ్యి వెట్టి సూడు,” అని అమ్మను కేకేసింది.

అమ్మ పిండి చేతులతోనే వచ్చి నా ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది. లోపల గుర్రుమంటోంది. ఒళ్లో పడుకున్న పిల్లి గురక పెడితే చేతికి ఎట్లా తెలుస్తుందో, అట్లా. నాకది కొత్తేమీ కాదు. పుట్టినప్పటినుంచీ ఉన్నదే. అందరి ఛాతీలోనూ అట్లాగే ఉంటుందనుకునేదాన్ని.

“పిల్లకు రెండడుగులు నడిస్తెనే ఆయాసమొస్తది గదత్తా. ఒక్కపారి దవాఖానకు తీస్కపోదాం,” అంది అమ్మ.

“మొక్కు మొక్కితె పుట్టిన బిడ్డ. ఏడుపాయల తల్లి వచ్చి లోపట కూసున్నంక ఆయాసం రాకేం జేస్తదే?” అని నాయినమ్మ అమ్మ నోరు మూయించింది.

మా నాయినమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఖిల్లా కింద మా వాడంతా ఆ మాట పాకిపోయింది. మెదకులో అప్పుడు జనానికి వేరే ఆసరా కూడా లేదు. రజాకార్లు ఏ పూట ఎవరింటి మీద పడతారో తెలియదు. సర్కారు మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టారని కచేరీ వాళ్లు ఎవరిని పట్టుకుపోతారో తెలియదు. అట్లాంటి రోజుల్లో పిలిస్తే పలికే దేవత పక్క వీధిలోనే ఉందంటే రాకుండా ఎవరుంటారు?

మా నాయన వీరయ్య మాత్రం మొదట్లో నవ్వేవాడు. ఆయనకు ఒక ఎడ్లబండి, జత ఎడ్లు ఉండేవి. కిరాయికి సామాను తోలితేనే మా ఇంట్లో పొయ్యి రాజుకునేది. ఆయన నవ్వు ఆగిపోయింది జమేదారు వచ్చిన రోజున.

కచేరీ జమేదారు ఇద్దరు జవాన్లను వెంటేసుకుని మా ఎడ్ల కోసం వచ్చాడు. సర్కారు సామాను మోయాలి, బండి కావాలన్నాడు. అట్లా తోలుకుపోయిన బండి తిరిగి రావడం వాడలో ఎవరూ చూడలేదు. నాయన పలుపు చేతిలో పట్టుకుని గొడ్లకొట్టం ముందు నిలబడిపోయాడు. నేను అప్పుడే తప్పించుకున్న దూడ వెంట సందులన్నీ ఉరికి, రొప్పుకుంటూ ఇంట్లోకి వచ్చాను. నాయినమ్మ నన్ను రెక్క పట్టి లాక్కుపోయి జమేదారు ముందు నిలబెట్టింది.

“మా ఇంట్ల దుర్గమ్మ ఉన్నది దొరా. నమ్మకుంటె చెయ్యి వెట్టి సూడు. ఆమె ఎడ్లు ఇవి. తీస్కపోతవా, నీ ఇష్టం.”

జమేదారు నవ్వుతూనే చెయ్యి పెట్టాడు. నా ఛాతీ అప్పుడు జల్లెడ పట్టినట్టు అదురుతోంది. ఆయన నిప్పు అంటుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతిని పంట్లానికి తుడుచుకున్నాడు. “చలో రే, వేరే ఇల్లు చూద్దాం,” అని జవాన్లను తోలుకుని వెళ్లిపోయాడు.

నాయన ఆ రోజు నన్ను ఎత్తుకుని వాడంతా తిప్పాడు. కానీ ఆయన మా నాయినమ్మలా అమాయకుడు కాదు. దూడ వెంట ఉరికి వచ్చాను కాబట్టే అంత గట్టిగా పలికిందని ఆయనకు తెలిసిపోయింది.

ఇక ప్రతి మంగళవారం, శుక్రవారం మా ఇంట్లో కొలువు. నాయినమ్మ నా మొహానికి పసుపు పూసి, దుప్పటి మడతేసి దాని మీద కూర్చోబెట్టేది. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని, నా రవికె పక్కకు జరిపి, ఛాతీ మీద అరచెయ్యి పెట్టి అడిగేవాళ్లు. చేతికింద గట్టిగా అదిరితే అవునన్నట్టు. అదరకపోవడమనేది ఎక్కడుంది? తప్పిపోయిన బర్రె దొరుకుతుందా అంటే అవును. కోడలు నీళ్లోసుకుంటుందా అంటే అవును. మా దుర్గమ్మ కాదనడం ఎరగదు.

నేను తొమ్మిదేళ్ల ఆడపిల్లను. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతులు. కొన్ని బండబారినవి, కొన్ని చెమటవి, కొన్ని అవసరం తీరినా తీయనివి. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఎవరినీ చూడలేక కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. తల్లి కళ్లు మూసిందిరో అని జనం దండాలు పెట్టేవాళ్లు.

జనం రాకముందు నాయన నన్ను పెరట్లోకి తీసుకుపోయేవాడు. అక్కడ గడ్డివాము ఉండేది.

“జర దాని సుట్టు ఉరుకు బిడ్డా. ఇంగో సుట్టు. శాబాష్!”

నేను ఉరికేదాన్ని. కళ్ల ముందు నల్లగా అయ్యేది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు అయ్యేవి. గడ్డివాముకు ఆనుకుని నిలబడితే నాయన నా వీపు నిమిరేవాడు. ఆ చెయ్యి ప్రేమగానే ఉండేది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకరోజు కొలువు అయ్యాక లేవబోయి పడిపోయాను. నాయన కిరాయి మీద పోయాడు. నాయినమ్మ వత్తులు చేసుకుంటోంది. అమ్మ నన్ను భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, చర్చి వాళ్ల దవాఖానకు తీసుకుపోయింది. దొరసాని డాక్టరమ్మ రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకుని నా ముందూ వెనకా చాలాసేపు విన్నది. గోళ్లు చూసింది. కింది పెదవి వేలితో లాగి చూసింది. ఆమె చెప్పినదాన్ని కంపౌండరు జకరయ్య మాకు చెప్పాడు.

“గుండెల తలుపులుంటయి శివమ్మా. రక్తం పోయేటప్పుడు తెరుసుకుంటయి, పోయినంక మూసుకుంటయి. నీ బిడ్డకు ఒక తలుపు పుట్టుకతోనే ఇరుకున్నది. గా ఇరుకు సందుల నుంచి రక్తం జొరవడుతాంటె చేతికి గట్ల అదురుతది.”

“దుర్గమ్మ కాదా?” అంది అమ్మ చిన్న గొంతుతో.

జకరయ్య ఆ మాటను దొరసానికి చెప్పలేదు. అంతటి మర్యాదస్తుడు.

“మందు లేదు ఇప్పటికైతె. ఉరికియ్యద్దు. బరువులు మోపియ్యద్దు. మంచిగ తినవెట్టి పండుకోనియ్యాలె. ఉరికిస్తె మాత్రం గుండె ఓర్వది. ఏ దినం ఏమైతదో దొరసాని కూడ చెప్పలేదు,” అన్నాడు.

నాయన ఇంట్లోకి వచ్చేదాకా అమ్మ ఆగలేదు. కొట్టంలోనే పట్టుకుంది.

“దవాఖానల చెప్పిండ్రు. తల్లి లేదు, ఏం లేదు. గుండెల జబ్బు. ఉరికిస్తె పిల్ల దక్కదు.”

నాయన ముందు అడిగిన మాట, “ఎవ్వలకన్న చెప్పినవా?” అని.

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. “లేదు.”

“చెప్పకు. గీ మాట బయటవడితె తెల్లారి జమేదారొస్తడు. ఎడ్లు పోయినంక పిల్లకు గంజన్న ఎక్కడికెల్లి పోస్తవు? జర గీ గడబిడ పోనియ్యి శివమ్మా. నాకు మాత్రం బిడ్డ కాదా?”

ఎడ్లు పోతే అందరం పస్తులే, అదీ నిజమే. అమ్మ లోపలికి వెళ్లి, పొయ్యి ముందు కూర్చుని, పొగ లేకుండానే కళ్లు తుడుచుకుంది. ఆ శుక్రవారం నాయన నన్ను గడ్డివాము చుట్టూ ఒక్కసారే తిప్పాడు. అది ఆయన చూపిన కనికరం.

మా వాడ చివర బాలనర్సమ్మ మొగుడు రజాకార్ల భయానికి షోలాపూరు వైపు పారిపోయి, ఏ కబురూ లేకుండా పోయాడు. ఆమె వచ్చి, నా ఛాతీ మీద చెయ్యి పెట్టి, “బతికే ఉన్నడా తల్లీ?” అని అడిగి, నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నా గుండె తన పని తాను చేసుకుంది. ఆమె మొహం తుడుచుకుని నవ్వుకుంటూ వెళ్లింది. వాకిట్లో నిలబడ్డ అమ్మ ఆమెకు దారి ఇస్తూ తల వంచుకుంది.

భాద్రపదంలో మోటారుబళ్ల మీద ఇండియన్ యూనియన్ మిలిట్రీ వచ్చింది. పైన విమానాలు తిరిగాయి. కచేరీ మీద జెండా మారింది. జమేదారు ఏమైపోయాడో ఎవరికీ తెలియదు. నిన్నటిదాకా తలుపులు బిగించుకున్నవాళ్లు వీధిలోకి వచ్చి అరిచారు. నిన్నటిదాకా వీధిలో తిరిగినవాళ్లలో చాలామంది తలుపులు బిగించుకున్నారు. రజాకార్లు చేసినదానికి రజాకారు కాని ముసల్మాన్లను కూడా ఊళ్లమ్మట వెతికి కొడుతున్నారని వినేవాళ్లం.

“ఇగ ఎడ్లకు భయం లేదు గద. ఇప్పుడన్న బందు వెట్టు,” అంది అమ్మ.

సరిగ్గా ఆ వారమే బాలనర్సమ్మ మొగుడు గడ్డం పెంచుకుని, నిక్షేపంలా ఇంటికి వచ్చాడు. ఇంకేం? మా వాకిలి పట్టనంత జనం. కౌడిపల్లి నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చారు. నాయన కొత్త తలపాగా చుట్టుకుని, వచ్చినవాళ్లను వరసలో నిలబెట్టేవాడు. పెద్దమనుషులు ఆయనను వీరయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఎడ్లబండి తోలుకునేవాడికి ఆ పిలుపు ఎంత తీపి!

“బతుకమ్మ పండుగ దాక కానియ్యి,” అన్నాడు అమ్మతో.

మా ఇంటిని ఆనుకునే అఖ్తరున్నీసా ఇల్లు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆమెను అక్క వరసన ఆపా అనేవాళ్లు, నేను పెద్దమ్మ వరసన ఖాలా అనేదాన్ని. ఆమెకు ఒక్కడే కొడుకు ఖయ్యూం. గిన్నెలకు కళాయి వేస్తాడు. నిప్పు ఊదే తోలుతిత్తి భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. నన్ను చూస్తే దారిలోనే బుట్ట దించి, మాడిపోయిన గిన్నెను నా కళ్లముందే వెండిలా మెరిపించి, నీ మొహం చూసుకో అనేవాడు. పండగ ముందు కళాయి పని ఎక్కువ. గడబిడ కాస్త సర్దుకుందనుకుని, తల్లి వద్దంటున్నా, ఊళ్ల మీదికి వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం నాయన కిరాయి నుంచి వచ్చి, ఎడ్లు విప్పకుండానే కాడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను గాటిపాట పక్కన గడ్డిలో పడుకుని ఉన్నాను. అమ్మ నీళ్లచెంబుతో వచ్చింది.

“ఖయ్యూం గాడు,” అన్నాడు నాయన. “అడవి దారిల, కాలువ మోరీ కాడ పడి ఉన్నడు. తిత్తి పక్కన్నే ఉన్నది. పొద్దుటి ముచ్చటో, రాత్రి ముచ్చటో.”

అమ్మ చెంబు కింద పెట్టేసింది. “దిగినవా?”

“దిగలే. దిగంగ ఎవలన్న సూస్తె? ఎడ్లను అదిలించి తోలుకొచ్చిన.”

“ఆపాకు చెప్పినవా?”

“ఎట్ల చెప్తనే? ఏ మొకం వెట్టుకొని చెప్త?”

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. గోడకు అవతల ఖాలా తన బకెట్లో నీళ్లు తోడుకుంటున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తూనే ఉంది. అమ్మ కూడా లేచి వెళ్లలేదు.

మంగళవారం వచ్చింది. అఖ్తరున్నీసా తనంత తానుగా నాయినమ్మ దగ్గరికి వచ్చి అడిగిందట: బాలనర్సమ్మకు చెప్పిన తల్లి నాకు చెప్పదా అని. నాయినమ్మకు ఏమీ తెలియదు పాపం. “ఎందుకు చెప్పదు ఆపా? తల్లికి నువ్వొకటి నేనొకటా?” అన్నది.

జనం రాకముందు నాయన నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు.

“ఇయ్యాల జర ఎక్కువ ఉరకాలె బిడ్డా. గట్టిగ పలకాలె.”

“నాయనా,” అన్నాను. “ఖయ్యూం భాయి సచ్చిపోయిండు గద?”

ఆయన నా మొహంలోకి చూడలేదు. గడ్డివాము కేసి చూశాడు. దాని మీద ఒక పిచ్చుక ఏదో ఏరుకుంటోంది. ఏమీ అనడేమో, ఇంట్లోకి పొమ్మంటాడేమో అనుకున్నాను.

“ఉరుకు,” అన్నాడు.

తను చెప్పలేని మాటకు బదులు నా గుండెచేత అబద్ధం చెప్పించాలనుకున్నాడు. నాకు తొమ్మిదేళ్లయినా ఆ సంగతి అర్థమైంది. మా నాయన మీద అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఉరికాను. చుట్టూ తిరుగుతున్నది నేనో గడ్డివామో తెలియలేదు. చివరికి ఆయనే నన్ను ఎత్తుకొచ్చి దుప్పటి మీద కూర్చోబెట్టాడు.

అఖ్తరున్నీసా బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, కాళ్లు కడుక్కుని నా ముందు కూర్చుంది. మూడు నాలుగు రోజులుగా తిండి లేని మొహం. వాకిట్లో జనం మాటలాపి చూస్తున్నారు. నాయన దర్వాజా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అరచెయ్యి మెల్లగా నా ఛాతీ మీద ఆనింది. చల్లటి చెయ్యి.

నోరు తెరిచి అడగబోయి ఆగింది. రెండో చెయ్యి నా వీపు మీద పెట్టింది. నా పెదవులు చూసింది, ముక్కుపుటాలు చూసింది.

“ఈ పిల్ల ఎక్కడికెల్లి ఉరికొచ్చింది?”



“అడుగు ఆపా, తల్లి గట్టిగ పలుకుతున్నది,” అంది నాయినమ్మ.

“ఏమడగాలె ఐలవ్వా? బిడ్డకు దమ్మే అందుతలేదు.” ఆమె నా రవికె దగ్గరికి లాగి, నన్ను ఒళ్లోకి తీసుకుని, బురఖా కొంగుతో విసరడం మొదలుపెట్టింది. “నా కొడుకు ముచ్చట అల్లాను అడుగుత. గీ పసిదాన్ని సతాయించి అడగ. జర నీళ్లు తేండ్రి ఎవలన్న!”

నా ఊపిరి నిదానించేదాకా విసురుతూనే ఉంది. ఆమె ఒళ్లు చింతపండుతో తోమిన రాగిగిన్నె వాసన వేసింది. అన్ని చేతుల మధ్య నుంచి నన్ను మొదటిసారి ఎవరో బయటికి తీసినట్టయింది. ఏడ్చాను.

అమ్మ వంటింట్లోంచి నీళ్లు తెచ్చింది. నీళ్లు నాకు తాగించి, లేచి నిలబడి, వాకిట్లోకి వినపడేట్టు అన్నది:

“అది దుర్గమ్మ కాదు ఆపా. గుండెల జబ్బు. దవాఖానల చెప్పి రెండు నెలలైతున్నది. మాకు ఎరుకే. పోండ్రి అందరు. ఇంటికి పోండ్రి.”

“నీకెరుకనా?” అంది నాయినమ్మ. తర్వాత నాయన వైపు తిరిగింది. “నీకు గూడనారా?” ముసలామె పసుపుచేతులు చీరకు తుడుచుకుంది. ఎంత తుడిచినా పోలేదు. జనం గుసగుసలాడుతూ, కొందరు తిడుతూ, వెళ్లిపోయారు. బాలనర్సమ్మ మాత్రం వెళ్తూ వెళ్తూ నాకు దండం పెట్టింది. ఆమె నమ్మకం ఆమెది.

అఖ్తరున్నీసా నన్ను దుప్పటి మీద పడుకోబెట్టి లేచింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. దర్వాజా దగ్గర నాయన ఎదురుగా ఆగింది.

“వీరన్నా, నువ్వు బండి మీద అన్ని దిక్కుల తిరుగుతవు. మా ఖయ్యూం ఎక్కడన్న కనవడితె జర చెప్పు. కళాయి పని ఎక్కడికి పోతది, అమ్మ ఒక్కతే ఉన్నది, జల్ది రమ్మన్నదని చెప్పు.”

నాయన దర్వాజా వదిలేశాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అంతటి మనిషి గడపలోనే కూలబడ్డాడు.

“ఆపా,” అన్నాడు. “జర కూసోండ్రి.”

చెప్పాడు. అడవి దారి అని చెప్పాడు. మోరీ అని చెప్పాడు. తిత్తి పక్కనే ఉందని చెప్పాడు. తను బండి దిగలేదని కూడా చెప్పాడు. ఆమె కూర్చోలేదు. అరవలేదు. చెయ్యి గోడకు ఆనించి, అంతా విన్నాక, మామూలు గొంతుతోనే అడిగింది:

“మీద ఏమన్న కప్పినవా వీరన్నా?”

అమ్మ వంగి, నా కింది దుప్పటి లాగి, దులిపి మడతపెట్టి నాయన చేతికిచ్చింది. ఆయన లేచి, ఎవరి మొహమూ చూడకుండా, బండికి ఎడ్లు కట్టడానికి కొట్టంలోకి వెళ్లాడు. అఖ్తరున్నీసా గోడ పట్టుకునే నిలబడి ఉంది. ఆయన జవాబు చెప్తాడని ఇంకా చూస్తూనే ఉంది.